ట్రంకుపెట్టెలో పెళ్ళిచీర

పిల్లలూ! మీ ఇంట్లో అన్నిటికన్నా పాత బట్ట ఏది?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది నవ్వి, "నాన్నగారి చొక్కా" అంటారు. అది కాదు. మీ పెద్దవాళ్ళని అడిగి చూడండి. ఏ బీరువా అడుగునో, ఏ అటకమీదనో ఒక పెళ్ళిచీరో పట్టుపంచెో ఉంటుంది. దాన్ని బయటికి తీసి ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తుండదు.

మా వాళ్ళింట్లో అలాంటి చీర ఒకటి దొరికింది. దొరికిన రోజునే దాన్ని నేను చింపాను కూడా! ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయినవాణ్ణి, నేనే ఆ పని చేశాను. అది ఎలా జరిగిందో, తరవాత ఏమయిందో చెప్తాను, వినండి.

హైదరాబాదులో నాంపల్లి స్టేషనుకూ ఆబిడ్స్‌కూ మధ్య ఒక సందులో మా అక్కయ్య ఇల్లు ఉంది. ఇల్లు బాగా పాతబడింది. దాన్ని పడగొట్టి కొత్తది కట్టించాలని అక్కయ్య కొడుకూ కోడలూ నిశ్చయించారు. సామాను సర్దటంలో సాయం చేద్దామని నేను వెళ్ళాను. వంటింటి మూల, బియ్యపు బస్తా కింద ఎత్తు కోసం పెట్టిన ఇనప ట్రంకుపెట్టె ఒకటి కనిపించింది. దాని తాళంచెవి ఏనాడో పోయింది. గొళ్ళెం ఊడగొట్టి మూత తీశాం.

పైన ఒక ఇత్తడి చెంబూ, రెండు పాత పంచాంగాలూ ఉన్నాయి. వాటి కింద వార్తాపత్రికలో చుట్టిన మూట ఉంది. ఆ కాగితం గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే అప్పడంలాగా విరుగుతున్నది. లోపల మిరపపండు రంగు చీర, దానికి వెడల్పాటి జరీ అంచు!

మా అక్కయ్యకు డెబ్బై దాటాయి. చీర చూడగానే ఆవిడ నేలమీద చతికిలబడి, "ఒరే తమ్ముడూ, ఇది అమ్మ పెళ్ళిచీరరా!" అన్నది.

మా అమ్మ పెళ్ళి 1951లో జరిగింది. ఆ మాట వినగానే నాకు సంతోషం పట్టలేదు. చీర రెండు కొసలూ పట్టుకుని, దుప్పటి దులిపినట్టు ఒక్క దులుపు దులిపాను. పర్రుమని చప్పుడయింది. మడత ఉన్నచోట పట్టు అంచు జానెడు మేర చీలిపోయింది.

అందరం కొయ్యబారి నిలబడ్డాం. అక్కయ్య మనవరాలు ఎనిమిదో తరగతి చదువుతున్నది. ఆ పిల్ల చీలిన చోటు చూసి, "తాతయ్యా, రోజూ కడితే చీర చినగాలి గాని, ఇన్నేళ్ళు పెట్టెలో ఊరికే ఉన్న చీర ఎందుకు చినిగింది?" అని అడిగింది.

ఎంత మంచి ప్రశ్న! దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఆ చీర సంగతి తెలియాలి.

అది గద్వాల చీర. గద్వాల ఒకప్పుడు సంస్థానం, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాకు ముఖ్యపట్టణం. గద్వాల చీరకు ఒక విశేషం ఉంది. చీర ఒళ్ళంతా నూలు, అంచులూ కొంగూ మాత్రం పట్టు. నేతగాడు మగ్గం మీదనే నూలు పోగునూ పట్టు పోగునూ ఒకదానితో ఒకటి మెలివేసి కలుపుతాడు. అంచేత ఒకే చీరలో రెండు రకాల బట్ట ఉంటుంది. నూలు చెట్టునుంచి వచ్చింది. పట్టు పురుగునుంచి వచ్చింది. మన జుట్టూ గోళ్ళలాగే పట్టు కూడా ఒక రకం మాంసకృత్తు. అందుకే నూలుకు ఉండే శత్రువులు వేరు, పట్టుకు ఉండే శత్రువులు వేరు.

పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగును మీరు చూసే ఉంటారు. దానికి గంజి అంటే మహా ఇష్టం. గంజి పెట్టిన నూలుబట్టను అది కొరుకుతుంది. ఇంకొక చిన్న పెంకుపురుగు ఉంది. దాని పిల్లలకు ఒళ్ళంతా నూగు ఉంటుంది. అవి పట్టునూ ఉన్నినీ తింటాయి. ఎండ తగిలితే పట్టుపోగు బలం పోతుంది. తేమ తగిలితే బూజు పడుతుంది. ఇనప పెట్టె తుప్పుపడితే ఆ తుప్పు బట్టను మరకచేసి, పోగును బలహీనపరుస్తుంది.

చీరను చుట్టిన వార్తాపత్రిక కూడా తక్కువది కాదు. ఆ కాగితాన్ని చెక్కగుజ్జుతో చేస్తారు. పాతబడినకొద్దీ అందులో ఆమ్లం పుట్టి, దానికి తగిలిన బట్టను మెల్లగా తినేస్తుంది. అన్నిటికీ మించినది మడత. సన్నటి తీగను ఒకేచోట మాటిమాటికీ వంచితే ఏమవుతుంది? విరుగుతుంది. బట్టను ఒకే మడతలో ఏళ్ళ తరబడి నొక్కి ఉంచినా, ఆ గీత వెంబడి పోగులు పెళుసెక్కి తెగుతాయి. పైన బియ్యపు బస్తా బరువు కూడా ఉన్నదాయె!

కాబట్టి పెట్టెలో ఉన్న బట్ట విశ్రాంతి తీసుకుంటున్నదని అనుకోకూడదు. అది అక్కడ కూడా ముసలిదవుతూనే ఉంటుంది.

మర్నాడు పొద్దున సందులోకి ఒక మనిషి, "పాత పట్టుచీరలు, జరీ చీరలు కొంటాం!" అంటూ వచ్చాడు. కోడలు అతన్ని పిలిచి చీర చూపించింది. అతను జరీ పోగు ఒకటి లాగి, అగ్గిపుల్లతో కాల్చి చూసి, "అసలు జరీయేనమ్మా. నాలుగు వేలిస్తాను" అన్నాడు.

అసలు జరీ అంటే వెండి తీగను రేకులాగా సాగగొట్టి, దారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పూసినది. ఇలాంటి చీరలను కొన్నవాళ్ళు వాటిని తగలబెడతారు. పట్టూ నూలూ బూడిద అవుతాయి, వెండి మిగులుతుంది. దాన్ని కరిగించి అమ్ముకుంటారు. అది వాళ్ళ బతుకుతెరువు, వాళ్ళను తప్పుపట్టటానికి లేదు.

కోడలు నాతో, "చినిగిన చీర, కట్టుకోవటానికి పనికిరాదు మామయ్యగారూ. ఇల్లు కట్టే సమయంలో నాలుగు వేలు కలిసొస్తాయి గదా?" అన్నది.

ఆ అమ్మాయి మాటలో తప్పేమీ లేదు. నాకు జవాబు తోచలేదు. తోచకపోవటానికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట మా నాన్నగారి పట్టుకండువాను నేనే స్టీలు సామాన్లమ్మికి ఇచ్చేసి, రెండు గిన్నెలు తీసుకున్నాను. ఆ గిన్నెలు ఇప్పుడు లేవు. ఆ కండువా అంచు ఏ రంగో గుర్తుతెచ్చుకుందామన్నా నాకు గుర్తురావటం లేదు. అంచేత కొనే మనిషితో, "వారం ఆగి రా, నాయనా" అన్నాను.

ఆ సాయంత్రం మనవరాలిని వెంటబెట్టుకుని పబ్లిక్ గార్డెన్స్‌కు నడిచి వెళ్ళాను. నాంపల్లిలోనే ఉన్న ఆ తోటలో రాష్ట్ర పురావస్తు మ్యూజియం ఉంది. అందులో ఈజిప్టు దేశపు మమ్మీ ఉన్న సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అది నైషు అనే యువరాణిదని చెబుతారు. 1920 ప్రాంతంలో ఇక్కడికి వచ్చి, ఏడవ నిజాం ద్వారా ఆ మ్యూజియంకు చేరింది. దాని వయస్సు రెండువేల ఏళ్ళ పైమాటే.

మమ్మీ అంటే అందరూ శవాన్నే తలుచుకుంటారు. కాని మనకు పైకి కనిపించేది చాలావరకూ బట్టే! అవిసె నారతో నేసిన గుడ్డపట్టీలను ఒంటి చుట్టూ చుట్టారు. ఈజిప్టు ఇసకలో గాలి బొత్తిగా పొడిగా ఉంటుంది కనక ఆ గుడ్డ వేల ఏళ్ళు నిలిచింది. హైదరాబాదు వచ్చాక వందేళ్ళు నిండకుండానే అది చీలి, రాలటం మొదలుపెట్టింది. మన వానాకాలపు తేమ దానికి పడలేదు. అందుకని 2016లో నిపుణులు దాన్ని బాగుచేసి, ప్రాణవాయువు తీసేసి నత్రజని నింపిన గాజుపేటికలో పెట్టారు. ప్రాణవాయువు లేకపోతే పురుగు బతకదు, బూజు పెరగదు.

"మనం చీరకు నత్రజని ఎక్కణ్ణించి తెస్తాం, తాతయ్యా?" అన్నది మనవరాలు.

"మనం తేలేం. కాని మ్యూజియం వాళ్ళు చేసే పనుల్లో సగం చేతులతోటీ ఓర్పుతోటీ చేసేవే" అని, ఆ పిల్లకు ఇంకొక కథ చెప్పాను.

1913లో ఫ్లిండర్స్ పెట్రీ అనే శాస్త్రజ్ఞుడు ఈజిప్టులో తార్ఖాన్ అనే చోట తవ్వకాలు జరిపాడు. అక్కడ దొరికిన మురికి గుడ్డల మూటను లండనుకు తీసుకుపోయారు. అరవై ఏళ్ళకు పైగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1977లో నిపుణులు ఆ మూటను శుభ్రం చేస్తూ ఉంటే, అందులో మడతలు పెట్టి కుట్టిన చొక్కాలాంటి దుస్తు బయటపడింది. దాని వయస్సు అయిదువేల ఏళ్ళకు పైగా ఉంటుందని తరవాత పరీక్షల్లో తేలింది. ప్రపంచంలో మనకు దొరికిన నేత దుస్తుల్లో అతి పాతది అదే. మోచేతుల దగ్గరా చంకల దగ్గరా ముడతలు కనిపించాయి. అది చచ్చినవాళ్ళ కోసం కుట్టింది కాదనీ, బతికి ఉన్న మనిషి తొడుక్కున్నదేననీ ఆ ముడతలే చెప్పాయి.

"అయితే ముడతల్ని కూడా చూడాలన్నమాట!" అన్నది మనవరాలు.

తిరిగి వచ్చేటప్పుడు ఆబిడ్స్ మీదుగా వచ్చాం. ఆబిడ్స్ అన్న పేరు ఎలా వచ్చిందో తెలుసా? ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన ఉండేవాడు. నిజాం దుస్తులూ అలంకరణ సామగ్రీ చూసుకోవటం ఆయన పని. ఆయన ఇక్కడ ఒక దుకాణం పెట్టాడు. ఆ దుకాణం పేరే ఈ పేటకు నిలిచింది. ఆ నిజాం ఒకసారి తొడిగిన దుస్తులు మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. ఆయన దుస్తుల బీరువా 176 అడుగుల పొడవుంది! పురానీ హవేలీలో దాన్ని ఇప్పటికీ చూడవచ్చు. మాకు అంత బీరువా అక్కర్లేదు గనక, ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో తాను చుట్టివచ్చే పొడుగాటి అట్టగొట్టం అడిగి తెచ్చుకున్నాం. వాళ్ళు దానికి డబ్బు తీసుకోలేదు. మరొక దుకాణంలో అయిదు గజాల తెల్లటి పలచని నూలుగుడ్డ కొన్నాం.

ఇక మేం చేసిన పని చెప్తాను. మీ ఇంట్లోనూ ఇలాగే చెయ్యవచ్చు. కాని పెద్దవాళ్ళు దగ్గర ఉండాలి సుమా!

ముందు ఆ కొత్త గుడ్డను గంజి అంతా పోయేదాకా మూడుసార్లు ఉతికి ఆరబెట్టాం. నేలమీద శుభ్రమైన దుప్పటి పరిచి, చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, చీరను మెల్లగా మడత వెంట మడత విప్పాం. ఈసారి దులపలేదు! మెత్తటి కుంచెతో దుమ్మును ఒకవైపుకు తుడిచాం. పురుగులు గాని, వాటి గుడ్లు గాని ఉన్నాయేమోనని దీపం దగ్గర పెట్టి చూశాం.

చీరను ఉతకలేదు. పాత రంగు నీళ్ళలో దిగిపోతుంది, పెళుసెక్కిన పోగు తడిసి తెగుతుంది. పైగా కొంగు మూల ఒక పసుపు మరక ఉంది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో ఒక పనికిరాని గుడ్డమీద మీరే చేసి చూడండి. ఎర్రగా మారుతుంది. సబ్బులో క్షారం ఉండటమే అందుకు కారణం. అదే పసుపు గుడ్డను రెండు మూడు రోజులు ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. బట్టకు ఎండ ఏం చేస్తుందో దాన్నిబట్టి గ్రహించవచ్చు.

జరీ నల్లబడి ఉంది. దాన్ని చింతపండుతోనో పళ్ళపొడితోనో తోమాలని అక్కయ్య అన్నది. నేను వద్దన్నాను. ఉడికించిన కోడిగుడ్డును వెండి చెంచాతో తింటే చెంచా నల్లబడుతుంది. గుడ్డులోని గంధకం వెండితో కలవటం వల్ల అలా అవుతుంది. గాలిలోని గంధకమే జరీనీ నల్లబరిచింది. తోమితే నలుపుతోపాటు పైనున్న బంగారు పూత కూడా పోతుంది. రబ్బరులో కూడా గంధకం ఉంటుంది గనక జరీ బట్టకు రబ్బరుబ్యాండు వెయ్యకూడదు.

నేను చింపిన చోట జిగురు గాని, అంటుకునే టేపు గాని వాడలేదు. అడుగున పలచని గుడ్డ ముక్క పెట్టి, సన్నటి పట్టుదారంతో దూరం దూరంగా కుట్లు వేయించాం. రఫూ చేసే ముసలాయన ఒకడు కళ్ళద్దాలు ముక్కు చివరకు జార్చుకుని ఆ పని చేసిపెట్టాడు.

ఇలా చూస్తూ చూస్తూ ఉండగా మనవరాలు, "తాతయ్యా, ఇక్కడ ముడతలున్నాయి!" అని కేకపెట్టింది. చీర నూలు భాగంలో, రెండు కొసలకూ గజం ఇవతల, బట్ట అంతా ఒకచోటికి నలిగి, సన్నటి గీతలు కిరణాల్లాగా విచ్చుకుని ఉన్నాయి. కట్టుకున్న చీరకు అలాంటి ముడతలు పడవు. తాడుతో మూటకట్టారేమోననుకున్నాను. మనవరాలు ఊరుకోక అక్కయ్యను పిలుచుకొచ్చింది.

అక్కయ్య ఆ ముడతల మీద చెయ్యి పెట్టి, కాసేపు ఊరుకుని, "ఇవి ఉయ్యాల ముళ్ళురా. దూలానికి కట్టిన తాళ్ళు ఇక్కడే బిగించేవారు. ఒళ్ళంతా మెత్తని నూలు గదా, పసిపిల్లలకు ఒరుసుకోదని అమ్మ ఈ చీరతోనే ఉయ్యాల వేసింది. మొదట నన్ను పడుకోబెట్టింది. ఏడేళ్ళ తరవాత నిన్ను. నిన్ను నేనే ఊపేదాన్ని" అన్నది.

తరవాత కొంగు మూలనున్న పసుపు మరకను చూపించి, "ఇది కొంగుముడి వేసిన పసుపు. ఈ కొంగును నాన్న పట్టుకండువాతో ముడివేశారట. ఆ కండువా ఏమయిందో మరి!" అన్నది.

ఏమయిందో నాకు తెలుసు. అప్పుడు చెప్పేశాను. అక్కయ్య నన్ను ఏమీ అనలేదు. "పోనీలే, ఇదన్నా ఉంది" అన్నది.

కోడలు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. లోపలికి వెళ్ళి ఒక కాగితమూ పెన్సిలూ తెచ్చి అక్కయ్య దగ్గర కూచుని, "అత్తయ్యా, మళ్ళీ మొదటినుంచి చెప్పండి, రాస్తాను" అన్నది. పెళ్ళి ఏ ఊళ్ళో జరిగింది, ఏ సంవత్సరం, చీర ఎవరు తెచ్చారు, ఉయ్యాలలో ఎవరెవరు పడుకున్నారు, అన్నీ రాసింది. పెన్సిలు ఎందుకంటారా? సిరా తేమ తగిలితే అలుక్కుపోతుంది, బట్టకు అంటుతుంది. పెన్సిలు రాత అలా కాదు.

అట్టగొట్టానికి ఉతికిన గుడ్డను నాలుగు వరసలు చుట్టి, దానిమీద చీరను మడత లేకుండా చుట్టాం. అట్ట నేరుగా తగిలితే అందులోని ఆమ్లం కూడా బట్టకు చెరుపే. పైన మళ్ళీ గుడ్డ చుట్టి, నూలు నాడాలతో వదులుగా కట్టాం. ప్లాస్టిక్ సంచీ వాడలేదు. అందులో తేమ చిక్కుకుని బూజు పడుతుంది. ఎండిన వేపాకును చిన్న గుడ్డసంచీలో పోసి, చీరకు తగలకుండా పక్కన పెట్టాం. నాఫ్తలీన్ ఉండలు పసిపిల్లలున్న ఇంట్లో మంచివి కావు. నేలకు ఎత్తుగా, బయటిగోడకు దూరంగా ఉన్న బీరువా అరలో చీరను పడుకోబెట్టాం. వానాకాలం వెళ్ళాక ఒకసారి, వేసవి ముందు ఒకసారి బయటికి తీసి, నీడలో గాలికి ఆరబెట్టి, పురుగు పట్టిందేమో చూసి మళ్ళీ చుట్టాలి. ఆ పని మనవరాలు తీసుకున్నది.

వారం తిరిగేసరికి చీరలు కొనే మనిషి వచ్చాడు. నేను లేచేలోపలే కోడలు బయటికి వెళ్ళి, "మా అత్తగారి అమ్మ పెళ్ళిచీరండీ. అమ్మటం లేదు" అని చెప్పి పంపేసింది. తరవాత నా దగ్గరికి వచ్చి, "మామయ్యగారూ, ఆ దుకాణంలో ఇంకొక గొట్టం అడిగి తేగలరా? నా పెళ్ళిచీర కూడా మడతల్లోనే ఉంది" అన్నది.

పిల్లలూ! ఈ ఆదివారం మీ అమ్మనో నాయనమ్మనో అమ్మమ్మనో అడిగి, ఇంట్లో ఉన్న పాత బట్ట ఒకటి బయటికి తీయించండి. దులపకండి! ముడతలు ఎక్కడున్నాయో, మరకలు ఎక్కడున్నాయో చూసి, ఒక్కొక్కదాని సంగతీ వాళ్ళని అడిగి, పెన్సిలుతో రాసిపెట్టండి. బట్టను బాగుచెయ్యటం ఆలస్యమయినా ఫరవాలేదు. అడగటం మాత్రం ఆలస్యం చెయ్యకండి. మా అక్కయ్య చెప్పి ఉండకపోతే, ఆ ముడతలు తాడు ముడతలేనని నేను ఈపాటికి మీకు పాఠం చెప్పి ఉండేవాణ్ణి.